సావుకారి ఫియట్‌కి మళ్ళీ అదే రంగు

మా ఫియట్‌ది మైకా సొమ్ము, మైకా అంటే అభ్రకం. మాది కాదులెండి, గూడూరు సావుకారిది. మా నాయన ఆయన దగ్గర లెక్కలు రాసేవాడు. 1966 మోడల్ ఫియట్ 1100 డి, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు చేసింది. తర్వాత ఇదే కారు కాస్త మార్పులతో పద్మిని అనే పేరు పెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆ రోజుల్లో కారు కొనాలంటే డబ్బుంటే చాలదు, పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోవాలి. సావుకారు అట్లా కాచుకుని తెచ్చుకున్న బండి అది. శనివారం శనివారం కూలిడబ్బుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు పక్క సీట్లో సైదాపురం వైపు గనులకు పోయిరావడం నాయన ఉద్యోగంలో ఒక భాగం.

లోపల మైకా ముక్కలు వాడే వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినప్పుడే మైకాకు మొదటి దెబ్బ తగిలింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయేసరికి ఉన్న పెద్ద బేరం కూడా పోయింది. మరుసటేడు సావుకారు షెడ్లు ఒక్కొక్కటే మూసేసి, సామాన్లు అమ్ముకుంటూ వచ్చాడు. నాయన తనకు రావాల్సిన జీతం బాకీలో కొంత మినహాయించుకుని, పైన కొంత చేతి డబ్బు పెట్టి, ఆ కారుని నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటికి తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడు అనడం మర్యాదకి. మెయిన్ రోడ్డు దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి వాకిలి దాకా నేనూ తమ్ముడూ వెనక నుంచి తోశాం.

"జీతం బదులు తుక్కు ఇచ్చి పంపినాడా మీ సావుకారు?" అంది అమ్మ, గేటు తీస్తూనే.

తుక్కు అన్నమాట అన్యాయమేమీ కాదు. ఎప్పుడో ఎవరో పైన తెల్ల రంగు కొట్టించారు. అది బానెట్టు మీద బొబ్బలు లేచి, గోరుతో గీకితే పెచ్చులుగా ఊడి వస్తోంది. తలుపుల అడుగంచులు తుప్పుతిని చిల్లులు పడ్డాయి. అద్దం మీద పడిన వాననీళ్ళు తలుపు లోపలికి దిగి, కింద ఉండే సన్నటి బెజ్జాల గుండా బయటికి పోవాలి. ఆ బెజ్జాలు మట్టితో పూడిపోతే నీళ్ళు లోపలే నిలిచి, రేకుని లోపలి నుంచి తినేస్తాయి. బయట మచ్చ కనబడేనాటికి లోపల ఏమీ మిగలదు. డ్రైవరు కాళ్ళ కింద మ్యాటు ఎత్తితే మా వాకిట్లో ముగ్గు కనపడింది.

ఇంజను సంగతి ఇక్కడ రాయను. అది వేరే మేస్త్రి, వేరే గొడవ. 1089 సీసీల ఆ ఇంజనుకు పెద్ద జబ్బేమీ లేదని తేలిపోయింది, అంతే. నాకు గుర్తుండిపోయింది 1993లో సంక్రాంతి దాటాక మొదలై ఎండాకాలం దాకా సాగిన రంగుపని.

పెయింటు మేస్త్రిది కోటమిట్ట. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేసేవాడు, ఖాళీ దొరికినప్పుడు ఇళ్ళకొచ్చి కూడా చేస్తాడని ఎవరో చెప్తే నాయన పిలుచుకొచ్చాడు. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు, మేమూ అదే అన్నాం. వచ్చిన రోజున కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ మాట్లాడకుండా సంచీలోంచి థిన్నరు సీసా తీశాడు. గుడ్డముక్క తడిపి తలుపు మూల అదిమిపట్టి, కొంచెం ఆగి తీశాడు. గుడ్డకి రంగు అంటలేదు. తలుపు మీద తెల్ల రంగు మాత్రం పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడతలు పడింది.

"ఇది ఎనామెల్ సారూ. దీని మీద డ్యూకో కొడితే బండంతా ఇట్టానే అయిపోద్ది. రేకు కనపడేదాకా గీకాల్సిందే" అన్నాడు.

డ్యూకో అంటే మన షెడ్లలో ఎన్.సి. పెయింటు, నైట్రోసెల్యులోజ్ లక్కరు. థిన్నరులో కరుగుతుంది, థిన్నరు ఎగిరిపోగానే ఆరుతుంది, మళ్ళీ థిన్నరు తగిలితే మళ్ళీ కరుగుతుంది. అందుకే అసలు డ్యూకో అయితే గుడ్డకి రంగు దిగేది. మరి ఎనామెల్‌తోనే మళ్ళీ కొట్టేస్తే పోలా అని తమ్ముడు అడిగాడు. ఎనామెల్ పూట గడిచినా తడారదు, ఆరేలోపు వీధిలోని దుమ్మూ దోమలూ దాని మీదే కాపురం పెడతాయి. డ్యూకో నిమిషాల్లో అంటకుండా ఆరిపోతుంది. తలుపుల్లేని పందిరి కింద, పక్కన బర్రెలు పోయే దారిలో, ఇంటి దగ్గర పని జరగాలంటే అదొక్కటే దారి. తడవతడవకి పలచగా ఎనిమిదీ తొమ్మిదీ కోట్లు కొట్టాలి, పైగా దానంతటది మెరవదు, చేత్తో తోమి మెరిపించాలి. ఈ చివరి ముక్క భాయ్ చాలా తేలిగ్గా, ఎటో చూస్తూ చెప్పాడు. తోమేది ఎవరో అప్పటికే ఆయన తేల్చేసుకుని ఉంటాడు.

రిమూవరు పూసి, బుసబుసా పొంగాక రేకుతో గీకడం మొదలైంది. తెల్ల రంగు కింద ఏదో నీలం, దాని కింద బూడిద రంగు ప్రైమరు. అసలు రంగు ఏదో మాకెవరికీ తెలియదు. నాయనకి తెలుసు గానీ ఆయన చెప్పే "లేత రంగమ్మా, పచ్చన కాదు, ఆకుపచ్చా కాదు" అన్నదాన్ని బట్టి ఎవరూ ఏదీ కలపలేరు. ఒకరోజు డిక్కీ మూతకి చుట్టూ ఉండే రబ్బరు బీడింగు పీకుతుంటే, దాని కింద ఎండ ఎన్నడూ తగలని సందులో, వేలెడంత వెడల్పున ఆ రంగు బయటపడింది. లేత ఆకుపచ్చలో చిటికెడు బూడిద కలిసిన రంగు. నాయన చేతిలో రేకు పక్కన పెట్టి, ఆ కాస్త మేరా థిన్నరు తగలకుండా తనే టేపు అంటించాడు.

రంగు మీద ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. అప్పటికి వీధికొకటి మారుతి దిగింది. తమ్ముడికి ఎరుపు కావాలి. చిన్నాయన తెలుపైతే అమ్మేటప్పుడు ధర పలుకుతుందన్నాడు. అమ్మ ఏదో ఒకటి తొందరగా కొట్టి పందిరి ఖాళీ చెయ్యమంది. భాయ్ కొత్తగా వచ్చిన మెటాలిక్ కొడదామన్నాడు, అల్యూమినియం పొడి కలిసిన రంగు, ఎండలో తళతళలాడుతుందని. నాయన తల అడ్డంగా ఊపాడు.

"తళతళలు గూడూరులో ముప్ఫయ్యేళ్ళు చూసినా భాయ్. ఇంకొద్దు."

గూడూరు మైకా షెడ్ల వైపు పోయినవాళ్ళకి ఆ మాట తెలుస్తుంది. రేకులు చీల్చి కత్తిరించే ఆడవాళ్ళ జుట్టులో, చీర కుచ్చిళ్ళలో, దారి పక్క మట్టిలో అంతా ఆ పొడే. మా నాయన చొక్కాలు ఉతికిన నీళ్ళు కూడా మెరిసేవి. ఇప్పుడు షోరూముల్లో ముత్యపు తెలుపు అని అదనంగా డబ్బు తీసుకుని అమ్మే రంగుల్లో మెరిసేది చాలావరకు మైకానే, సన్నటి మైకా రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత. ఇది తెలిసినప్పటి నుంచి అలాంటి కారు కనపడితే నాకు నాయన చొక్కాలే గుర్తొస్తాయి. మంచిదో చెడ్డదో, మా కారుకి మాత్రం పాత రంగే ఖాయమైంది.

తర్వాత టింకరింగు. టింకరు వచ్చి తలుపుల అడుగులు కోసేసి కొత్త రేకు ముక్కలు గ్యాసు వెల్డింగుతో అతికాడు, కాళ్ళ కింది నేలకి కూడా. చప్పుడు తప్ప చెప్పుకోవాల్సింది లేదు. చప్పుడు మాత్రం చాలా ఉంది.

రెడ్ ఆక్సైడ్ పడ్డాక లప్పం మొదలైంది, అసలు పని అంతా అక్కడే. అప్పటికి రంజాన్ నెల వచ్చేసింది. భాయ్ ఉపవాసంతోనే వచ్చేవాడు, పొద్దున ఎండెక్కకముందే. చిన్న రేకుబిళ్ళ మీద లప్పం తీసుకుని, నొక్కులున్న చోట్ల కాగితం మందాన లాగేవాడు. "మందంగా ఒక్కసారే పెడితే నీకు సులువు, రేపు ఎండకి పగిలేది బండికి" అనేవాడు. ఆరాక వాటర్ పేపరు. నూట ఇరవై నంబరుతో మొదలు, తర్వాత రెండొందల ఇరవై, నాలుగొందలు, చివరికి ఆరొందలు. బకెట్లో నీళ్ళు, అందులో బట్టల సబ్బు ముక్క, చేతిలో కొయ్యబిళ్ళకి చుట్టిన కాగితం. కొయ్యబిళ్ళ లేకుండా ఉత్త వేళ్ళతో రుద్దితే ఊరుకునేవాడు కాదు. వేళ్ళ ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి సన్నటి గాళ్ళు ఏర్పడతాయి. లప్పం మీద అవి కనపడవు, రంగు పడ్డాక ఎండలో ఒక్కొక్కటే బయటపడతాయి.

నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. పరీక్షలు దగ్గర పడుతున్నా సాయంత్రాలు నా పని ముందు గ్రిల్లు పక్కన ఉండే వంపులు. తమ్ముడి చేతులు అందులో పట్టేవి కావు. అరిగిపోయిన వాటర్ పేపరుని నాలుగు మడతలు పెట్టి, ఆ వంపు వెంబడే నీళ్ళు పోసుకుంటూ రుద్దాలి. బూడిద రంగు బురద మోచేతుల దాకా కారేది. గోళ్ళ చివర్లు అరిగి, కారం ముట్టుకుంటే భగ్గుమనేవి. చదువుకోమని అమ్మ లోపల్నుంచి అరిచినప్పుడల్లా, ఫిజిక్స్ రాపిడి పాఠమే చదువుతున్నానని బయట్నుంచి నేను అరిచేదాన్ని.

నునుపు అయిందో లేదో చూడ్డానికి భాయ్‌కి రెండు పద్ధతులుండేవి. ఒకటి, నల్ల రంగు బాగా పలచన చేసి దూరం నుంచి దుమ్ములాగా చల్లడం. మళ్ళీ తోమితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లాల్లో మిగిలిపోతుంది, అక్కడ మళ్ళీ లప్పం. రెండోది నాకు చాలా ఇష్టం. పలచటి గుడ్డ ఒకటి రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా తలుపు ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతాడు. ఉత్త చేతికి చర్మం పట్టేసుకుంటుంది, గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఒకసారి నా చెయ్యి పెట్టించాడు.

"ఏం తెలిసింది పాపా?"

"ఏమీ తెలీలా."

"మళ్ళా పెట్టు. హ్యాండిలు కింద ఆగు."

హ్యాండిలు కింద ఒక జానెడు మేర చెయ్యి దిగి లేచింది. కళ్ళు తెరిచి చూస్తే తలుపు అద్దంలా చదునుగానే ఉంది! ఇప్పటికీ పాత కారు దేన్నైనా చూస్తే ముందు తలుపు మీద చెయ్యి పెడతాను, ఓనర్లు వింతగా చూస్తారు.

ఆ ఏడాది ఉగాది, రంజాన్ ఒకే అమావాస్య వెంట పక్కపక్క రోజుల్లో వచ్చాయి. ఆ వారం పని ఆగింది. మా ఇంటి నుంచి పచ్చడి గిన్నె కోటమిట్టకి పోతే, అదే గిన్నె సేమ్యాతో తిరిగొచ్చింది. గిన్నె ఖాళీగా పంపకూడదన్న పట్టింపు అటూ ఇటూ ఒక్కటే కాబట్టి ఆ గిన్నె చాలా రోజులు అట్లా తిరిగింది.

పండగలయ్యాక రంగు కలపడం. ఇప్పుడైతే నంబరు చెప్తే మిషను కలిపిస్తుంది. భాయ్ డిక్కీ మూతని పందిరి బయట ఎండలో పెట్టి, టేపు తీసి, దాని పక్కనే కూర్చున్నాడు. డబ్బాలో తెలుపు, అందులో కొంచెం ఆకుపచ్చ, తర్వాత పసుపు. పుల్లతో కలిపి, ఒక బొట్టు రేకు మీద వేసి, ఆరనిచ్చి, పాత రంగు పక్కన పెట్టి చూస్తాడు. తడిగా ఉన్నప్పుడు ఉన్న రంగు ఆరాక ఉండదు, కొంచెం ముదురుతుంది, అందుకని తొందరపడకూడదు. పచ్చదనం ఎక్కువైందనిపిస్తే ఎరుపు చుక్క పడాలని నేనెప్పుడూ అనుకుని ఉండను. సూది మొనతో అంత ఎరుపు వేసేసరికి ఆ ఆకుపచ్చ ఒక్కసారిగా తగ్గి బూడిద వైపు తిరిగింది. చివరగా నలుపు, పుల్ల చివర అంటినంత. మధ్యాహ్నానికి ఒక బొట్టు పాత రంగు మీదే వేసి ఆరాక, ఎక్కడ వేశాడో ఆయనకే కనపడలేదు. నాయన వంగి వంగి వెతికి, లేచి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈ రంగు మళ్ళీ కలపడం నా వల్ల కాదు, ముందే ఎక్కువ కలుపుతున్నా, మిగిలింది దాచుకోండి అని చెప్పి భాయ్ పెద్ద డబ్బా నింపాడు.

కంప్రెసరు అద్దెకు వచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి సబ్‌స్టేషన్‌లో తెలిసినాయన్ని నాయన ముందే అడిగి పెట్టుకున్నాడు. రంగు కొట్టడానికి రోజంతా పనికిరాదు. నెల్లూరుకి సముద్రం దగ్గర. తెల్లారుజామున మంచు చెమ్మ, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి. గాల్లో తేమ ఎక్కువ ఉన్నప్పుడు డ్యూకో కొడితే థిన్నరు ఎగిరిపోయే చల్లదనానికి తేమ రంగు మీదే దిగి, తెల్లటి మసక కమ్ముతుంది. మరీ ఎండెక్కితే ఇంకో తంటా, గన్ను నుంచి రేకుని చేరేలోపే తుంపర ఆరిపోయి గరుగ్గా పడుతుంది. అందుకని తొమ్మిది గంటల నుంచి పన్నెండు లోపల, ఆలస్యంగా ఎగిరే థిన్నరు కలిపి కొట్టాలని లెక్క.

పొద్దున్నే అమ్మ పందిరి కిందంతా కళ్ళాపి చల్లింది, ముగ్గు కోసం కాదు, దుమ్ము లేవకుండా. అద్దాల మీద పాత పేపర్లు అంటించారు. పని మొదలెట్టే ముందు కంప్రెసరు అడుగున కుళాయి విప్పి, లోపల చేరిన నీళ్ళు వదిలేశాడు భాయ్. తలకి నూనె రాసుకున్నవాళ్ళెవరూ బండిని తాకొద్దన్నాడు. నూనె మరక ఉన్నచోట రంగు పట్టకుండా చిన్న చిన్న గుంటలు లేస్తాయట. నెల్లూరులో తలకి నూనె రాసుకోని వాళ్ళెవరుంటారు? అందరం గేటు దగ్గరికి జరిగాం.

ముందు టాపు, తర్వాత పక్కలు, చివర బానెట్టు. రేకుకి జానెడు దూరంలో గన్ను, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా ఒకే వరుసలో జరగాలి. అంచు రాకముందే ట్రిగ్గరు నొక్కి, అంచు దాటాక వదలాలి, ఒక వరుస సగం మీద రెండో వరుస పడాలి. భాయ్ మనిషి చిన్నవాడు, టాపు కొట్టడానికి కిరోసిన్ డబ్బా మీద నిలబడ్డాడు. మూడో కోటు నడుస్తుండగా గాలి తిరిగింది. పందిరి పక్కన వేపచెట్టు పూతమీద ఉంది. పువ్వులు ఒక్క గాలికి బానెట్టు నిండా రాలాయి. తమ్ముడు ఏరడానికి ఉరికితే భాయ్ కేక పెట్టాడు. తడి మీద చెయ్యి పెట్టకూడదు, ఆరనిస్తే వాటంతట అవే ఊడతాయి, మిగిలిన గుర్తులు వాటర్ పేపరుతో పోతాయి. పోయాయి కూడా, ఒక్కటి తప్ప. కుడి హెడ్‌లైటు పైన ఒక పువ్వు ముద్ర సన్నగా మిగిలిపోయింది. వెతికేవాళ్ళకే కనపడుతుంది.

అదే గాలికి గన్ను తుంపర పొడిపొడిగా మేడ మీదికి పోయింది. అక్కడ అమ్మ గుమ్మడి వడియాలు ఎండబెట్టి ఉంది. ఆ సాయంత్రం ఆమె వాటిని ఒక్కొక్కటే చాటలో తిప్పి చూసి, ఏమీ అనకుండా మొత్తం పెంటకుప్పలో పోసింది. ఏమీ అనకపోవడం చూసి నాయన రాత్రి అన్నం కొంచెమే తిన్నాడు.

ఆరిన డ్యూకో చూస్తే నిరుత్సాహం. సున్నం కొట్టిన గోడకి ఉన్నపాటి మెరుపు కూడా లేదు. వెయ్యి నంబరు కాగితంతో తడితోమకం, తర్వాత రబ్బింగ్ కంపౌండు. గోధుమ రంగు ముద్ద, కిరోసిన్ వాసన. గుడ్డకి అద్ది ఒక చదరం అడుగు మేర గుండ్రంగా కాదు, నిలువుగా, అడ్డంగా రుద్దాలి. అంచుల మీద, మడతల మీద ఒత్తకూడదు, అక్కడ రంగు పలచగా ఉండి అరిగి ప్రైమరు తేలుతుంది. మొదట ఏమీ జరగదు. తర్వాత గుడ్డ బరువు తగ్గినట్టు, జారడం మొదలవుతుంది. అప్పుడు తుడిచి చూస్తే పందిరి వాసాలు అందులో కనపడతాయి. ఆ మెరుపు ఇప్పటి గట్టి పెయింట్ల మెరుపు కాదు. ఇప్పటివాటి మీద గాజుపలక బిగించినట్టు ఒక పొర ఉంటుంది, రంగు దాని వెనక ఎక్కడో ఉంటుంది. ఇవి ఎండకీ వానకీ ఎక్కువ ఓర్చుకుంటాయి, ఒప్పుకుంటాను. చూడ్డానికి మాత్రం నాకు డ్యూకోనే ముద్దు.

ఆఖరి తుడుపుకి బనియను వేస్టు పనికిరాదు, కుట్టు గీత తగిలితే గీత పడుతుందన్నాడు భాయ్. జేజమ్మ తన పాత వెంకటగిరి చీర ఇచ్చింది, ఉతికి ఉతికి పట్టుకుంటే చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తటి నూలు. అంచు జరీ కత్తిరించి పక్కన పెట్టుకుని మరీ ఇచ్చింది.

బంపర్లూ హబ్‌క్యాపులూ గోనెపట్టాల్లో చుట్టి నాయన మద్రాసు రైలెక్కించాడు. రాగి, నికెలు, ఆ పైన క్రోమియం పూత వేయించుకుని, అట్నుంచటే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త బీడింగులు కొనుక్కొచ్చాడు. ముందు అద్దం బిగించడం చూడాల్సిన సంగతి. రబ్బరు గాడిలో చుట్టూ సుతిలి తాడు పెట్టి, సబ్బునీళ్ళు రాసి, అద్దాన్ని బయట నుంచి ఇద్దరు అదిమి పట్టుకుంటే, లోపల కూర్చున్న భాయ్ తాడు కొస మెల్లగా లాగుతూ పోయాడు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి అంచు దాటి లోపలికి ఎక్కి కూర్చుంది.

మొదటి ప్రయాణం జొన్నవాడకి. పెన్న ఒడ్డున కామాక్షమ్మ గుడి ముందు బండి ఆపితే, పూజారిగారు పసుపు ముద్ద పట్టుకుని నేరుగా బానెట్టు మీదికి వచ్చారు. కొత్త డ్యూకో లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, నెల దాటేదాకా పాలిష్ కూడా పెట్టొద్దని భాయ్ హెచ్చరిక. నాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అయ్యవారూ, రంగు పచ్చిగా ఉండాది. అద్దానికి పెట్టండి."

"అద్దానికి పెడితే తోలేటప్పుడు కనపడొద్దా?"

"అమ్మవారి బొట్టే గదా, కనపడితే మంచిదే."

నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాం. కారు ఇప్పటికీ ఉంది, ఒంగోలులో తమ్ముడి దగ్గర. తలుపులు మళ్ళీ అడుగున తుప్పు పట్టాయి. బెజ్జాలు శుభ్రం చేసుకోరా అంటే వాడు వినడు.

మిగిలిన రంగు డబ్బా చాలా ఏళ్ళు నడిచింది. గీత పడినప్పుడల్లా టచ్చప్‌కి వాడగా, తమ్ముడి సైకిలుకీ, అమ్మ కుట్టుమిషను స్టాండుకీ పోగా, ఇంకా అడుగున కొంత ఉందని నాయన ఒక ఆదివారం బ్రష్షు తీసుకుని మా ఇంటి ఇనప గేటుకి పూశాడు. గేటుకి అంతకుముందు ఉన్నది ఎనామెల్. గంటలో పై నుంచి కింద దాకా ముడతలు తేలింది. సాయంత్రం అటుగా సైకిలు మీద పోతున్న భాయ్ బ్రేకు వేసి, గేటు మీద వేలు పెట్టి చూసి, నాయన ముఖం వంక చూశాడు.

"నేను చెప్పింది కారుకొక్కటే అనుకుంటిరా సారూ?"